రెండు పెట్టెలు, ఒక కిరీటం

1987వ సంవత్సరం. కర్ణాటకలో మండల పంచాయతీలని కొత్తగా పెట్టి, వాటికి మొదటిసారి ఎన్నికలు జరిపిన ఏడు అది. మేము కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో, ఊరిగాంలో ఉండేవాళ్ళం. మా పెద్దబ్బాయికి గనిలో పని కాబట్టి కంపెనీ ఇల్లు ఇచ్చారు. ముందర వరండా, వెనక రెండు గదులు. వరండాలో ఒక కుట్టుమిషను, గోడవారగా రెండు ఇనప పెట్టెలు. అదే నా అంగడి. పల్లెల్లో ఆడే నాటకాలకు డ్రస్సులు అద్దెకిచ్చేదాన్ని. చుట్టుపక్కల అందరూ నన్ను డ్రస్సుల రాజమ్మ అంటారు.

నేను చదివింది మూడో తరగతి. తెలుగు బాగా చదువుతాను, కన్నడం అక్షరం అక్షరం కూడబలుక్కుంటాను. ఇది రాస్తుంటే నా మనవరాలు పక్కన కూర్చుని తప్పులు దిద్దుతోంది. అక్షరాలు దిద్దమన్నాను. విషయంలో వేలు పెట్టొద్దన్నాను.

ఈ పని నాకు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. గనులు సర్కారు పరమయ్యాక తెల్లదొరలు ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. వాళ్ళ క్లబ్బులో డాన్సు హాలు ఉండేది. అందులోని సామాను వేలం వేశారు. కుర్చీలు, బల్లలు, గడియారాలు అంగళ్ళవాళ్ళు కొనుక్కుపోయారు. ఎవరికీ అక్కరలేకపోయింది తెర. ముదురెరుపు వెల్వెట్టు, ఇరవై అడుగుల పొడవు, ఒక మూల ఎలుకలు కొట్టేసింది. మా ఆయన గనిలో టింబర్‌మేన్, అంటే లోపల రాయి విరిగి మీద పడకుండా దుంగలు నిలబెట్టే పని. ఆయన దాన్ని దుంగను మోసినట్టే భుజాన వేసుకుని వచ్చి, ఇది ఇంట్లో ఎక్కడ కడతావని నవ్వాడు. నేను నేలమీద పరిచి జానలతో కొలిచాను. నాలుగు రాజుల కోట్లు, రెండు మంత్రుల కోట్లు వచ్చాయి. మిగిలిన ముక్కలు టోపీలయ్యాయి. ఎలుకలు కొట్టిన మూల కూడా పారేయలేదు, దాని మీద చమ్కీ కుట్టి నడుం పట్టీ చేశాను. దొరలు, దొరసానులు ముందర నిలబడి గ్లాసులు పట్టుకున్న తెర, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు మన రైతుల ఒంటిమీద తిరిగింది.

పైన రాజ్యం మారితే కింద నా పెట్టెలో బట్టలు మారుతాయని అప్పుడే కొంచెం తెలిసింది. ఎమర్జెన్సీలో ఇంకొంచెం తెలిసింది. ఆ రోజుల్లో ఏ నాటకమైనా మధ్యలో హాస్యగాడు వచ్చి చిన్న కుటుంబం గురించి నాలుగు మాటలు చెప్పాలన్నారు. హాస్యగాడి చొక్కా మీద ఎర్ర త్రికోణం కుట్టాను. తర్వాత ప్రభుత్వం పడిపోయింది. త్రికోణం ఊడదీసి రాక్షసుడి మోచేతికి మాసిక వేశాను. గుడ్డ మంచిది.

మా పనిలో సెట్టు అనే మాట ఉంది. ఒక పార్టుకి కావలసిన కోటు, ధోవతి, భుజకీర్తులు, హారాలు, కిరీటం, అన్నీ కలిపితే ఒక సెట్టు. ఇందులో కష్టమంతా కిరీటంతోనే. అట్టతో చేసి, పైన రంగు కాగితం అంటించి, పూసలు కుడతాం. అందరి తలలూ ఒకటి కాదు. ఒకరికి బిగుతైనది ఇంకొకరికి చెవుల మీదికి జారుతుంది. అందుకని లోపల ప్యాడింగు వేయాలి, అంటే తల పట్టుగా నిలిచేలా మెత్త. కోలారులో డ్రస్సులవాళ్ళు కొత్త దూది కొని గుడ్డ కుట్టి వేస్తారు. నేను దానికి దూది కొనలేదు. ప్రతి నాటకం వాళ్ళూ బుక్ చేయడానికి వచ్చినప్పుడు హ్యాండ్‌బిల్లు ఒకటి ఇచ్చిపోయేవారు. ఏ ఊరు, ఏ సంఘం, ఎవరెవరు ఏ పార్టు, అన్నీ అందులో ఉంటాయి. నాటకం అయిపోయాక ఆ కాగితం ఎందుకు పనికొస్తుంది? మైదా గంజిలో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, కిరీటం లోపల ఒకదాని మీద ఒకటి అంటించేదాన్ని. కిరీటం వదులైందంటే ఒక హ్యాండ్‌బిల్లు. అంతే.

ఇప్పుడు పెట్టెల సంగతి. ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. పల్లెల్లోంచి వచ్చే రైతులు వరండాలో కూర్చుని, నీళ్ళు తాగి, బేరమంతా అయ్యాక గొంతు తగ్గించి ఒక మాట అడిగేవారు. ఈ డ్రస్సులు గని లైన్లవాళ్ళకు కూడా ఇస్తావా అని. గనిలో పనిచేసేవాళ్ళు వరసగా కట్టిన ఇళ్ళల్లో ఉండేవారు, వాటినే లైన్లంటారు. అక్కడ ఎక్కువమంది హరిజనులు. దళితులు అనే మాట మా దగ్గర ఇంకా అంతగా రాలేదు. వాళ్ళకూ నాటక సంఘాలు ఉండేవి. మంచి పాటగాళ్ళు. ఏటా ఠంచనుగా నా దగ్గరికే వచ్చేవారు. మొదటిసారి ఒక రైతు ఆ మాట అడిగినప్పుడు నేను ఆలోచించుకోలేదు. వాళ్ళకి నల్ల పెట్టె, మీకు ఎర్ర పెట్టె అని చెప్పాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అందరికీ అదే చెప్పాను.

అది అబద్ధం. నా దగ్గర ఉన్నది ఒకే వరస సెట్లు. లైన్లవాళ్ళకి పంపేటప్పుడు నల్ల పెట్టెలో సర్దేదాన్ని, పల్లెలకు పంపేటప్పుడు అవే తీసి ఎర్ర పెట్టెలో సర్దేదాన్ని. మా ఆయనకి ఇది నచ్చలేదు. గనిలోకి దిగే కేజ్‌లో, అంటే మనుషుల్ని కిందికి దించే ఇనప బోనులో, ఒకరి చెమట ఒకరికి అంటుకుని దిగుతాం, నీకెందుకు ఈ రెండు పెట్టెలు అనేవాడు. నేనేమీ ఎక్కువ తక్కువ చేయడం లేదు, డ్రస్సులు అందరికీ ఒకటే ఇస్తున్నాను, మాటేగా వేరు అనేదాన్ని. ఆ మాట నాకు అప్పట్లో చాలా తెలివిగా కనిపించింది.

ఇక అసలు విషయం. క్యాసంబళ్ళి దాటి లోపలికి వెళితే ఒక పల్లె ఉంది. పేరు రాయను, అక్కడివాళ్ళు ఇంకా ఉన్నారు. పన్నెండేళ్ళుగా ఆ ఊరి నాటకానికి డ్రస్సులు నావే. నాటకం నేర్పేది నంజుండప్ప మేష్ట్రు. హార్మోనియం పెట్టె చంకన పెట్టుకుని ఊరికి వచ్చి, మూడు నెలలు అక్కడే తిని, అక్కడే పడుకుని, రైతులకు పద్యాలు, నడక, చూపు అన్నీ నేర్పేవాడు. ఆ ఊళ్ళో ఆడేది ఆయన సొంతంగా కట్టిన కథ. తెలుగు పద్యాలే, కానీ ఊళ్ళో పిల్లలు బళ్ళో చదివేది కన్నడం కాబట్టి నోటుబుక్కులో రాసుకునేది కన్నడ అక్షరాల్లో. మా వైపు అన్ని ఊళ్ళలోనూ అంతే, ఎవరికీ వింతగా ఉండదు.

కథ ఇది. గర్విష్ఠి రాజు ఒకడుంటాడు. స్వామి బిచ్చగాడి వేషంలో గొంగడి కప్పుకుని అతని వాకిటికి మూడుసార్లు వస్తాడు. మూడుసార్లూ రాజు గెంటిస్తాడు. చివరికి స్వామి కిరీటంతో నిజరూపంలో కనిపిస్తే, రాజు కిందికి దిగి వచ్చి, చెంబుతో నీళ్ళు తెచ్చి స్వామి కాళ్ళు కడుగుతాడు. స్వామి పార్టుని ఇద్దరు పంచుకుంటారు. రాత్రంతా ఒక్కరే పాడితే గొంతు నిలవదు. బిచ్చగాడుగా వచ్చేది ముందు స్వామి, కిరీటంతో వచ్చేది వెనక స్వామి. రాజు మాత్రం ఒక్కడే. పన్నెండేళ్ళుగా ఆ రాజు అశ్వత్థరెడ్డి. ఊరి పెద్ద. పొడుగు మనిషి. నా వెల్వెట్టు కోటు ఆయన కోసమే కుట్టినట్టు ఉండేది.

ఆ ఏడు బుకింగుకి మేష్ట్రు ఒక్కడే వచ్చాడు. మాటల్లో చెప్పాడు, ఈసారి ముందు స్వామి పార్టు హరిజన కాలనీ చౌడప్ప వేస్తున్నాడని. నేను కుట్టుమిషను ఆపాను. అట్లాంటిది అంతవరకూ వినలేదు. చౌడప్ప బావులు తవ్వే మనిషి. బావిలోంచి అతను పాడితే గట్టున ఉన్నవాళ్ళు మట్టి లాగడం మరచిపోతారని మేష్ట్రే చాలాసార్లు అన్నాడు. మూడు నెలలు నాటకం నేర్పుతుంటే అతను బయట గోడవారగా కూర్చుని వినేవాడు. అన్ని పద్యాలూ అలాగే వచ్చేశాయి. అయినా ఎప్పుడూ స్టేజీ ఎక్కలేదు. కాలనీవాళ్ళు, స్టేజీకి దూరంగా కట్టిన తాడుకి అవతల కూర్చుని చూడాలి, అంతే.

దీని వెనక సంగతంతా ఎన్నికల్లో ఉంది. చౌడప్ప మండల పంచాయతీకి మెంబరుగా గెలిచాడు. అశ్వత్థరెడ్డీ గెలిచాడు. మండలానికి పెద్దను ప్రధాన అంటారు. ఆ ప్రధానను మెంబర్లే ఓటేసి ఎన్నుకోవాలి. రెడ్డికి ఒక ఓటు తక్కువయింది. చౌడప్ప దగ్గరికి మనిషిని పంపాడు. ఏం కావాలో అడగమన్నాడు. చౌడప్ప భూమి అడగలేదు, కాంట్రాక్టు అడగలేదు. నాటకంలో స్వామి పార్టు కావాలన్నాడు. రెడ్డి మాట ఇచ్చాడు, ఓటు పడింది, ప్రధాన అయ్యాడు. అయిన తర్వాత, స్వాములు ఇద్దరు కదా అని, గొంగడి వేసుకుని గెంటించుకునే ముందు స్వామిని చౌడప్పకి ఇచ్చాడు. కిరీటం పెట్టుకుని కాళ్ళు కడిగించుకునే వెనక స్వామిని తమ్ముడి కొడుక్కి ఇచ్చాడు.

మేష్ట్రు ఇదంతా చెప్పి, పోయేముందు రెడ్డి కబురు చెప్పాడు. ఈసారి రెండు పెట్టెలూ తెమ్మన్నాడని. చౌడప్ప డ్రస్సు నల్ల పెట్టెలో, మిగతావి ఎర్ర పెట్టెలో. నేను సరేనన్నాను. నల్ల పెట్టెలో ఒక గొంగడి, ఒక కర్ర పెట్టాను. ఇంకేమీ లేకపోయినా, అద్దె పెట్టెకింత అని కాబట్టి, బస్సులో వేయించుకుని వెళ్ళాను.

మధ్యాహ్నం మూడింటికి ఆ ఊరు చేరాను. బళ్ళో ఒక గది మేకప్పుకి ఇచ్చారు. నేను పెట్టెలు తెరిచి కోట్లు దండెం మీద వేస్తున్నాను. అప్పుడు మేష్ట్రు రెడ్డి తమ్ముడి కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. అబ్బాయి మెడకి మఫ్లరు. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. వారం రోజులుగా రాత్రింబగళ్ళు పద్యాలు అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. మిరియాల కషాయం, తేనె, తమలపాకు, అన్నీ అయ్యాయి. వెనక స్వామి పద్యాలు వచ్చినవాడు ఊళ్ళో ఇంకొక్కడే ఉన్నాడు. అతను అప్పటికే గదిలో ఒక మూల నిలబడి ఉన్నాడు, ఇంకా ఎవరూ కూర్చోమనలేదు కాబట్టి.

రెడ్డి వచ్చి విషయం విన్నాడు. కొంతసేపు మీసం సవరించుకున్నాడు. ఆయన కోపిష్ఠి కాడు, నిదానస్తుడు. చాలా తేలికగా ఒక దారి చెప్పాడు.

“దానికేముంది మేష్ట్రే, సినిమాల్లో చేయడంల్యా? చౌడప్ప తెర ఎనకాల నిలబడి పాడనీ. మావాడు కిరీటం పెట్టుకోని ముందర నోరు ఆడిస్తాడు. జనానికేం తెలస్తాది?”

హాస్యగాడి పార్టు వేసే అంగడి శెట్టి భేష్ అన్నాడు. మేష్ట్రు హార్మోనియం పెట్టె తుడవడంలో పడ్డాడు. ఆయనకి ఊళ్ళో మూడు నెలల తిండి, నాకు పన్నెండేళ్ళ బేరం. చౌడప్ప మూలలోంచి మాట్లాడాడు. ఎన్నికలకు ముందు రెడ్డిని సామీ అని పిలిచేవాడట. ఇప్పుడు ప్రధానరే అంటున్నాడు. గొంతు ఎత్తలేదు.

“ప్రధానరే, నేను ఓటు తెర ఎనకాల నిలబడి ఏయలేదు గదా. ముందర నిలబడి చెయ్యెత్తినాను.”

రెడ్డి ముఖం మారలేదు. ఆ తర్వాత అన్న మాట మాత్రం నేను మరచిపోలేదు.

“నాకేం అభ్యంతరంల్యా చౌడప్పా. మెంబరువి నువ్వు. కానీ ఇది నా కట్టుబాటు గాదు, డ్రస్సుల అమ్మ కట్టుబాటు. ఆమె పెట్టెలే వేరే. ఎర్ర పెట్టెలో కిరీటం మీవాళ్ళకి ఈయదు. మనం ఆమె వ్యాపారం చెడపగూడదు గదా. అడుగు, ఆమే చెప్తాది.”

అందరూ నా వైపు తిరిగారు. నా చేతిలో ఆ కిరీటమే ఉంది, ఊడిన పూస కుడుతున్నాను. చౌడప్ప నన్ను అంతకుముందు చూసినవాడు కాదు, నేనూ అతన్ని చూడలేదు. నా గిరాకీ కాపాడుకోవడానికి నా వరండాలో నేను ఆడిన అబద్ధం, పదిహేను మైళ్ళ అవతల ఈ మనిషి నెత్తిన కూర్చుంది. అతను నా వైపు చూసిన చూపులో కోపం కూడా లేదు. ఈమె కూడా అదే చెప్తుందిలే అన్నట్టు చూశాడు. అదే నాకు బాగా తగిలింది.

అవునంటే పని అయిపోతుంది. ఆ ఊరే కాదు, చుట్టుపక్కల ఎనిమిది పల్లెలు నావి. మా ఆయన అప్పటికే ఊపిరితిత్తుల జబ్బుతో మంచం మీద ఉన్నాడు. ఇవన్నీ నాకు తెలుసు. నేను దారం కొరికి, సూదిని రవికెకి గుచ్చుకుని చెప్పాను.

“రెడ్డప్పా, ఆ మాట నాదే. కానీ అది అబద్ధం. నా దగ్గిర ఉండేది ఒకటే వరస సెట్లు. పెట్టెలే రెండు.”

ఆయన అర్థం కానట్టు చూశాడు. ఊరకే మాటతో నమ్మరని నాకు తెలుసు. మేష్ట్రు చెంబులో నీళ్ళు తీసుకుని చెయ్యి తడిపి, కిరీటం లోపల కాగితం మీద రుద్దాను. గంజి నానింది. పైపొర కొంచెం ఎత్తి కిటికీ వెలుతురులో చూపించాను. పైన ఉన్నది నిరుడు ఆ ఊరి నాటకం హ్యాండ్‌బిల్లే, రెడ్డి పేరు పెద్ద అక్షరాల్లో. దాని కింద లైన్ల సంఘంవాళ్ళది, తెలుగులో. దాని కింద ఇంకో పల్లె, గౌనిపల్లివాళ్ళది. దాని కింద మళ్ళీ లైన్లవాళ్ళది. దాని కింద మళ్ళీ ఆ ఊరిదే, ముందటేడుది. నేను ఒక్కొక్కటే చదివాను. కన్నడం దగ్గర తడబడితే చౌడప్ప అందించాడు.

రెడ్డి అడిగాడు. “రాజు కిరీటంలో గూడా ఇట్లనే ఉండాదా?”

“అన్నిట్లోనూ ఉండాది.”

“పన్నెండేండ్లా?”

“పన్నెండేండ్లు, అప్పా.”

శెట్టి అప్పటికే ముఖానికి సగం తెల్లరంగు పూసుకున్నాడు. ఆ సగం ముఖంతోనే అన్నాడు. “ఇంగేం చేస్తారు, అందరికీ తగిలేసింది. ఇప్పుడు స్నానం చేసినా పన్నెండేండ్లది పోదు. నా మిగతా మొగానికి రంగైనా పూయండి, జనం వస్తా ఉండారు.”

ఎవరూ నవ్వలేదు గానీ గదిలో గాలి కొంచెం ఆడింది. రెడ్డి బయటికి వెళ్ళి బడి మెట్ల మీద కూర్చున్నాడు. బీడీ ముట్టించాడు. అక్కడి నుంచి దారి కనిపిస్తుంది. ఏడెనిమిది ఊళ్ళ నుంచి బండ్లు కట్టుకుని, చాపలు చంకన పెట్టుకుని జనం వస్తున్నారు. ప్రధాన అయ్యాక ఆయన ఆడే మొదటి నాటకం. నిలిపేస్తే ఎందుకు నిలిపేశారని అడుగుతారు. అడిగితే నేను చెప్తాను. దాన్ని ఆయన నా ముఖం చూసే తెలుసుకున్నాడనుకుంటాను. రెండో బీడీ అయ్యాక లోపలికి వచ్చి, అద్దం ముందు కూర్చుని, రంగు పూయమని మేకప్పు మనిషికి ముఖం ఇచ్చాడు. కళ్ళు మూసుకునే చౌడప్పతో అన్నాడు.

“పోయి కాళ్ళు కడుక్కోని రా. బావి మట్టి అట్లే ఉండాది.”

“అది మీ పార్టులో ఉండాది గదా, ప్రధానరే,” అన్నాడు చౌడప్ప.

ఈసారి మేష్ట్రు నవ్వేశాడు. రెడ్డి పెదవి కూడా కదిలిందని మేకప్పు మనిషి తర్వాత చెప్పాడు. నేను చూడలేదు. నేను కిరీటం లోపల గంజి ఆరబెట్టుకుంటున్నాను. చౌడప్ప తల పెద్దది. ఆ కిరీటానికి ప్యాడింగు కొంచెం తీయాల్సి వచ్చింది. తీసిన కాగితాలు మడిచి పెట్టెలో పెట్టుకున్నాను.

నాటకం గురించి ఎక్కువ రాయను. చౌడప్ప గొంతు గురించి విన్నదంతా నిజం. ఒకే మనిషి బిచ్చగాడుగా గెంటించుకుని, తర్వాత స్వామిగా రావడం ఆ కథకి మొదటిసారి. అలా చూస్తేనే ఆ కథ కుదిరిందని మేష్ట్రు అన్నాడు. కట్టినప్పుడు తనకే తట్టలేదన్నాడు.

కాళ్ళు కడిగే సీను దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. రెడ్డి ఇత్తడి చెంబుతో వచ్చాడు. పైనుంచే, చెయ్యి తగలకుండా, నీళ్ళు పోశాడు. అంతటితో సరిపెట్టి తన పద్యం అందుకోబోయాడు. పల్లె నాటకాల్లో హార్మోనియం శ్రుతి ఇచ్చి వదిలితే గానీ పద్యం మొదలుపెట్టకూడదు. మేష్ట్రు శ్రుతి పట్టాడు, వదల్లేదు. గాలితిత్తి నొక్కుతూ ఆ ఒక్క స్వరాన్నే పట్టుకుని కూర్చున్నాడు, రెడ్డి వైపు చూడకుండా. మూడు నెలల తిండిని ఆయనా అక్కడ పణం పెట్టాడు. చౌడప్ప కాలు కొంచెం ముందుకు జరిపి అలాగే నిలబడ్డాడు. కిరీటం పక్కకి ఒరుగుతోందని నేను పక్కతెర దగ్గర పిన్నీసు పళ్ళ మధ్య పెట్టుకుని చూస్తున్నాను. తాడుకి అవతల కాలనీవాళ్ళు లేచి నిలబడ్డారు. రెడ్డి వంగాడు. చెయ్యి ఆనించి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కడిగాడు. మేష్ట్రు శ్రుతి వదిలాడు. ఆ పద్యం రెడ్డి పన్నెండేళ్ళలో అంత బాగా ఎప్పుడూ పాడలేదు. ఎందుకో నాకు తెలియదు.

తర్వాత జరిగింది జరిగింది. నేను రెండు పెట్టెల అబద్ధం ఒప్పుకున్నానని వారం తిరగకుండా అన్ని పల్లెలకూ తెలిసింది. ఎనిమిదిలో ఆరు పల్లెలు రావడం మానేశాయి. గౌనిపల్లివాళ్ళు వచ్చి, అది నిజం కాదని చెబితే చాలు, మళ్ళీ బుక్ చేస్తామన్నారు. నిజమేనన్నాను. నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయారు. మూడో ఏడు మళ్ళీ వచ్చారు. కోలారు అంగడివాళ్ళ కోట్లకి గుండీలు ఉండవట. మధ్యలో ఆ రెండేళ్ళు నేను స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టి గడిపాను. లైన్లవాళ్ళు మాత్రం ఒక్క ఏడూ మానలేదు. వాళ్ళకి నల్ల పెట్టె సంగతి ముందునుంచే తెలుసట. ఎవరూ నాతో అనలేదు. అది తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు.

అశ్వత్థరెడ్డి మళ్ళీ నాటకం ఆడలేదు. మోకాళ్ళ నొప్పి అన్నాడు. అది నిజమే కావచ్చు. ఐదారేళ్ళకి ఆ మండల పంచాయతీలే పోయాయి, వేరే ఏదో వచ్చింది. ఆయన ప్రధానగిరీ పోయింది, చౌడప్ప మెంబరుగిరీ పోయింది. కాలనీవాళ్ళని వేరు చేసే తాడు మాత్రం మళ్ళీ ఎవరూ కట్టలేదని మేష్ట్రు చెప్పాడు.

నాటకం అయిన నెలకి చౌడప్ప ఊరిగాం వచ్చాడు. మా ఆయన మంచం పక్కన కాసేపు కూర్చున్నాడు. గని లోతు, బావి లోతు గురించి ఇద్దరూ మాట్లాడుకున్నారు. వెళ్ళేటప్పుడు జేబులోంచి ఆ ఏటి హ్యాండ్‌బిల్లు తీసి ఇచ్చాడు. అందులో ముందు స్వామి అని అతని పేరు, అడుగున ఎక్కడో, చిన్న అక్షరాల్లో ఉంది. వెనక స్వామి అని రెడ్డి తమ్ముడి కొడుకు పేరు ఉంది. తప్పు దిద్దనా అని పెన్సిలు తీశాను.

“ఒద్దమ్మా, అట్లే అంటించు,” అన్నాడు. “చూసినోళ్ళకి తెలుసు.”

అంటించాను. మిగతావన్నీ నేను అక్షరాలు కనపడకుండా తిప్పి అంటించేదాన్ని, తల చెమటకి సిరా దిగకూడదని. దీన్ని మాత్రం అక్షరాలు పైకి పెట్టి అంటించాను. ఆ తర్వాత అంటించినవన్నీ అలాగే.

ఈ పనిలో నేను నేర్చుకున్నది చెప్పమంటే, నేను ధైర్యం చేశానని ఎవరూ అనుకోవద్దని ముందు చెబుతాను. ఆ అబ్బాయి గొంతు బాగుండి ఉంటే, నేను రెండు పెట్టెలతోనే ఈ జన్మ గడిపేసేదాన్ని. ఎన్నికలు వచ్చి, ఒక మనిషి ఓటుకి బదులు పార్టు అడగబట్టి నా అబద్ధం బయటపడింది. బట్టల్లో, పాటల్లో, ఆటల్లో రాజకీయం ఏముంటుందని అప్పటివరకూ అనుకున్నాను. క్లబ్బు తెర కోసి రాజుల కోట్లు కుట్టిన దాన్ని, అలా అనుకోవడమేమిటి? ఎవరు కిరీటం పెట్టుకోవాలి, ఎవరు తెర వెనక పాడాలి అనేది నా వరండాలోనే తేలుతూ ఉండింది. అందరికీ ఒకే డ్రస్సు ఇస్తున్నాను కాబట్టి నాది తప్పు కాదనుకున్నాను. కానీ వాళ్ళు తీసుకుపోయింది డ్రస్సు ఒక్కటే కాదు, నా మాట కూడా.

నల్ల పెట్టె ఇప్పుడు వంటింట్లో ఉంది. రేషను బియ్యానికి బాగా పనికొస్తోంది, ఎలుకలు దూరవు. గనులు మూతపడ్డాయి, నాటకాలు తగ్గాయి. ఎర్ర పెట్టె మాత్రం ఏడాదికి నాలుగైదుసార్లు ఇంకా బయటికి పోతుంది. బుకింగుకి వచ్చినవాళ్ళల్లో ఎవరో ఒకరు ఇప్పటికీ గొంతు తగ్గించి అడుగుతారు, ఈ కిరీటం ఇంతకుముందు ఎవరెవరు పెట్టుకున్నారమ్మా అని. కిరీటం తిరగేసి చేతికి ఇస్తాను.

“లోపల ఉండాది, చదువుకో,” అంటాను.